సెకనుకు ఇరవై ఐదు సంతకాలు

మా రంగస్థల కళాకారుల గుర్తింపు సంస్థ గురించి ఊళ్ళో ఏవేవో చెప్పుకుంటున్నారు. టీకొట్టు దగ్గర నన్ను చూసి కొందరు మీసం మీద చెయ్యి వేసి నవ్వుతున్నారు. జరిగిందేమిటో మినిట్స్ రాసిన మనిషిని నేను చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? నా పేరు కోటిలింగం. ఆ సంస్థలో సీనియర్ అసిస్టెంటును. పద్దెనిమిదేళ్ళుగా కమిటీ సమావేశాల్లో పెద్దలు అన్న ప్రతి మాటా పొల్లుపోకుండా రాస్తున్నాను. అధ్యక్షులవారు దగ్గితే అదీ రాస్తాను.

ముందు మా నిబంధనలు చెప్పాలి. గుర్తింపు పత్రం లేనివారు జిల్లాలో ఎక్కడా నాటకం ఆడకూడదు. ఇది కళ నాణ్యత కోసం పెట్టింది. ప్రదర్శన కళ్ళారా చూడకుండా కమిటీ ఎవరికీ గుర్తింపు పత్రం ఇవ్వకూడదు. ఇది పక్షపాతం లేకుండా ఉండటానికి పెట్టింది. విడివిడిగా చూస్తే రెండూ బంగారం లాంటి నిబంధనలు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసేసరికి ఒక చిన్న చిక్కు కనబడింది. పత్రం లేనిదే ఆడకూడదు, ఆడితే గానీ పత్రం రాదు.

ఈ చిక్కును మా డైరెక్టరు నిడుమోలు పరంధామరావు గారు ఒక్క పూటలో విప్పేశారు. ఆయన మాట్లాడితే ఫైలు చదివినట్టు ఉంటుంది. ఇంట్లో కూడా "కాఫీ విషయమై" అని మొదలుపెడతారని వాళ్ళావిడే ఒకసారి చెప్పింది. ఆయన ఇచ్చిన ఉత్తర్వు ఇదీ: నిబంధన రాకముందు ఆడిన నాటకం వీడియో ఉంటే దరఖాస్తుదారు దాఖలు చేసుకోవచ్చు, సదరు వీడియోను సంస్థవారి తెర మీద యథాతథంగా కమిటీ వీక్షించును. దాని కింద ఏడో క్లాజు కూడా ఆయనే స్వయంగా రాశారు. పత్రం లేకుండా ప్రదర్శన ఇచ్చినవారితోపాటు, అటువంటి ప్రదర్శనను ప్రోత్సహించినవారు ఎంతటివారైనా శాఖాపరమైన చర్యకు గురి అవుతారు. "ఎంతటివారైనా" అన్న మాట కింద ఆయన రెండు గీతలు గీశారు.

ఆ ఉత్తర్వు కింద వచ్చిన మొదటి దరఖాస్తు మోపర్తి నాగభూషణమ్మ గారిది.

మార్చి మొదటివారంలో ఆమె రేపల్లె బస్సు దిగి, చేతిలో టిఫిను డబ్బాతో ఆఫీసుకొచ్చింది. అరవై ఎనిమిదేళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా, వెన్ను వంగకుండా నిలబడింది. నలభై ఏళ్ళపాటు వాళ్ళ జట్టులో రాజు వేషం కట్టింది. జట్టు హార్మోనిస్టు సాంబయ్య సొంతంగా అల్లిన పద్యనాటకంలో ఆమె రత్నకేతు మహారాజు. జేబురుమాల్లో చుట్టిన డిస్కు నా బల్ల మీద పెట్టింది. పన్నెండేళ్ళ కిందట వాళ్ళ ఊళ్ళో పెళ్ళి వీడియోలు తీసేవాడు తీసిపెట్టాడట.

"ఇదొక్కటే ఉంది నాయనా. గీత పడకుండా చూడండి," అంది.

"ఈ నెల ముప్పై ఒకటిలోగా కమిటీ చూడాలమ్మా. దాటితే మళ్ళీ వచ్చే మార్చి దాకా ఆగాలి," అన్నాను.

"వచ్చే మార్చా!" అని ఆమె బెంచీ మీద కూర్చుంది. "సాంబయ్యకి చూపు పోతా ఉంది. తబలా వాయించేవాడు ఆటో తోలుకుంటున్నాడు. అందర్నీ బతిమాలి ఈ ఉగాదికి మున్సిపల్ స్టేజీ మీద ఆడదామని ఒప్పించాను. ఇప్పుడు గనక ఆడకపోతే ఈ జట్టు మళ్ళీ కలవదు అబ్బాయ్. నా గొంతు మాత్రం ఇంకెన్నాళ్ళుంటది?"

నాకు జాలేసింది. కానీ జాలి రాయడానికి దరఖాస్తు ఫారంలో గడి లేదు.

కమిటీ తేదీ ఖాయమయ్యేదాకా ఆమె బెంచీ మీద కూర్చుని నాకు నాటకాల కబుర్లు చెప్పింది. ముఖ్యంగా వన్స్ మోర్ గురించి. పద్యం నచ్చి జనంలోంచి ఎవరైనా వన్స్ మోర్ అంటే రాజు చచ్చిపోయే ఘట్టమైనా సరే లేచి మళ్ళీ పాడాల్సిందేనట. కొల్లూరులో ఒకసారి ఒకే పద్యం ఆరుసార్లు పాడిందట.

"వన్స్ మోర్ పడితే కాదనకూడదు నాయనా. అది మా పద్ధతి. మొదటిసారి చెవులప్పగించి విన్నోడే ఆ మాట అంటాడు. నిద్రపోయినోడు అనలేడుగా!" అంది.

నేను అలవాటు కొద్దీ అది కూడా కాగితం మీద రాసుకున్నాను.

మా సమావేశ మందిరంలో హోమ్ థియేటర్ ఉంది. ఇదివరకటి డైరెక్టరు గారికి ఒకప్పుడు ఉత్సాహం పుట్టి తెప్పించారు. నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు, ముందు ఒకటి, డిస్కు పెట్టే ప్లేయరు, గుండెలదిరేలా మోగే ఒక పెద్ద పెట్టె. థియేటరన్నాక చీకటి ఉండాలని కిటికీలకు నల్ల తెరలు వేసి మేకులు కొట్టించారు. పదిహేనేళ్ళలో ఆ పెట్టె మంచినీళ్ళ కుండ పెట్టుకోవడానికి బాగా అక్కరకొచ్చింది. ఇక గోడకు వేలాడుతున్న డెబ్భై అయిదు అంగుళాల టీవీ కొత్తది, కిందటి దీపావళికి వచ్చింది. అంతకుముందున్న డబ్బా టీవీని పనికిరాదని రాసేసి, వాచ్‌మన్ గదిలో పడేశాం.

పదో తారీఖున కమిటీ కూర్చుంది. అధ్యక్షులు డైరెక్టరు గారు, సభ్యులు ఇద్దరు. ప్లేయరు వెనక నుంచి పసుపు, ఎరుపు, తెలుపు తీగలు మూడు వస్తున్నాయి. కొత్త టీవీ వెనక అటువంటి గుండ్రటి రంధ్రం ఒక్కటీ లేదు. అన్నీ పల్చటి నోళ్ళే. అటెండరు చాలాసేపు ఇక్కడా అక్కడా పొడిచి చూశాడు. చివరికి స్టేషను రోడ్డులో టీవీలు బాగుచేసే ఖాజాను పిలిపించాం.

ఖాజా వచ్చి చూసి నవ్వాడు. "ప్లేయరు పాత రకం సిగ్నల్ పంపుతుంది సార్. టీవీకి కొత్త రకమే అర్థమవుతుంది. మధ్యలో ఈ కన్వర్టర్ పెడితే దాన్ని దీనిలోకి మార్చేస్తది. అంతే," అని చొక్కా జేబులోంచి అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా తీశాడు. పసుపు తీగ ఒక పక్క గుచ్చాడు, రెండో పక్క నుంచి టీవీకి తీగ కలిపాడు. ఎరుపు, తెలుపు తీగలు స్పీకర్లకు తగిలించాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

తెర ముందు నీలంగా వెలిగింది. తర్వాత హార్మోనియం మోగింది. మంచినీళ్ళ కుండ గడగడలాడింది. రత్నకేతు మహారాజు కిరీటంతో, కోరమీసంతో, గోడంత పొడుగున ప్రత్యక్షమయ్యారు. బెంచీ మీద నాగభూషణమ్మ గారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఆపండి!" అన్నారు డైరెక్టరు గారు.

ఖాజా ఆపాడు.

"మహారాజు స్థూలకాయులుగా కనబడుతున్నారు. దరఖాస్తుదారు సన్నగా ఉన్నారు. ఈ వ్యత్యాసం విషయమై?"

"పాత బొమ్మ సార్, అప్పట్లో టీవీలు వెడల్పు తక్కువ. ఇది వెడల్పు తెర గదా, అటూ ఇటూ లాగుతుంది. ఈ బటన్ నొక్కితే మామూలైపోద్ది."

"అనగా మీరు మార్పు చేయుదురు."

"మార్చకపోతే రాదుగా సార్. ఈ డబ్బా పనే మార్చడం."

డైరెక్టరు గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళజోడు తీశారు. ఆయన కళ్ళజోడు తీశారంటే ఒక ఉత్తర్వు పుట్టబోతోందని అర్థం. ఉత్తర్వులో "యథాతథంగా" అని ఉంది. ఈ డబ్బాలోకి వెళ్ళేది ఒకటి, బయటికి వచ్చేది వేరొకటి. బయటికి వచ్చేది అసలు కాదు. అసలు కానిది నకలు. నకలు ఏదైనా సరే, గెజిటెడ్ అధికారి అసలుతో సరిచూసి ఆకుపచ్చ సిరాతో సంతకం పెడితే తప్ప సర్కారు ఆఫీసులో చెల్లదు. టెన్త్ మార్కుల లిస్టుకే అటెస్టేషన్ కావాలి కదా, మహారాజుకు వద్దా?

సభ్యులిద్దరూ తలలూపారు. నేను రాసుకున్నాను. నిజం చెప్పొద్దూ, తర్కంలో ఎక్కడా లోపం కనబడలేదు.

"డిస్కు అట్ట మీద ఒక సంతకం పెట్టిస్తే చాలునా?" అని ఒక సభ్యుడు అడిగారు.

"అది ఎట్లా చాలును? వంద పేజీల దస్తావేజుకు మొదటి పేజీలో సంతకం పెట్టి ఊరుకుంటామా? ప్రతి పేజీకీ పెట్టవలె," అన్నారు డైరెక్టరు గారు. ఖాజా వైపు తిరిగారు. "ఇందులో పేజీలు ఎన్ని?"

"పేజీలేంటి సార్! సెకనుకు పాతిక బొమ్మలు పోతాయి."

"సెకనుకు ఇరవై ఐదా!" డైరెక్టరు గారు నొచ్చుకున్నారు. "ఒక సెకనుకు ఒకటి సరిపోదా? ఇది ప్రైవేటువారి దుబారా తప్ప మరొకటి కాదు."

పెన్ డ్రైవులో ఎక్కించి తెస్తానని ఖాజా అన్నాడు. అది నకలుకు నకలు అవుతుందని డైరెక్టరు గారు ఆ ప్రతిపాదనను తోసిపుచ్చారు. నాటకం మొత్తం అక్కర్లేదని, ప్రధాన పద్యం ఒక్కటి చూస్తే చాలునని కమిటీ ఉదారంగా తీర్మానించింది. ఆ పద్యం నాలుగు నిమిషాలు. ఆరు వేల బొమ్మలు.

ఇప్పుడు సరిచూడటానికి అసలు ఎక్కడ చూడాలి అన్న ప్రశ్న వచ్చింది. పసుపు తీగ నేరుగా పట్టే టీవీ మా దగ్గర ఒకటే ఉంది, వాచ్‌మన్ గదిలో. అటెండరు దాన్ని తుడిచి తెచ్చాడు. ఖాజా తీగను రెండుగా చీల్చి దానికి నేరుగా ఒకటి, డబ్బా ద్వారా కొత్త టీవీకి ఒకటి కలిపాడు. పాత టీవీలో మహారాజు సన్నగా, శుభ్రంగా, కొంచెం వణుకుతూ వచ్చారు.

"అదిగో, ఆ చిన్న టీవీలో బాగానే కనబడతా ఉందిగా. అందులోనే చూసెయ్యండయ్యా!" అంది నాగభూషణమ్మ గారు.

డైరెక్టరు గారు జాలిగా నవ్వారు. "అమ్మా, అది పనికిరాదని ధ్రువీకరించిన వస్తువు. అందులో సరిచూడవచ్చును గాని, చూడరాదు."

దానితో కమిటీ సభ్యులు పాత టీవీ ముందు కుర్చీలు వేసుకుని, ఆ నాలుగు నిమిషాల పద్యం మొదటి నుంచి చివరి దాకా సరిచూడవచ్చునా లేదా అని మూడుసార్లు పరిశీలించారు. ఒకరు తొడ మీద తాళం కూడా వేశారు. అయితే అది చూడటం కిందకు రాదు కాబట్టి మినిట్స్‌లో రాయలేదు.

అటెస్టేషన్ శిబిరం ఇరవై అయిదో తారీఖున మొదలైంది. గెజిటెడ్ అధికారులు దొరకడానికి పదిహేను రోజులు పట్టింది. అందరికీ పనులే. డైరెక్టరు గారిదీ ఆకుపచ్చ సిరాయే గాని, పత్రం ఇచ్చేవారే అటెస్టేషన్ చేయరాదని ఆయనే అన్నారు. చివరికి పశువైద్యాధికారి డాక్టర్ సువార్తరాజు గారు ఒక్కరే ఒప్పుకున్నారు. ఎడమవైపు పాత టీవీ, కుడివైపు కొత్త టీవీ, మధ్యలో ఆయన, చేతిలో ఆకుపచ్చ పెన్ను. ఖాజా రిమోట్‌తో ఒక్కొక్క బొమ్మ జరుపుతాడు. డాక్టరు గారు తల అటూ ఇటూ తిప్పి, "సరిచూశాను" అంటారు. నేను రిజిస్టరు ముందుకు తోస్తాను. సంతకం, ముద్ర. మళ్ళీ ఇంకో బొమ్మ.

మొదటి రోజు మూడు సెకన్లు అయింది. రెండో రోజు ఇంకో మూడు. మూడో రోజు మధ్యాహ్నం డాక్టరు గారు పెన్ను దించి, "ఏవండీ కోటిలింగం గారూ, నేను కుడివైపు దూడకీ ఎడమవైపు దూడకీ తేడా చెప్పగలను గాని ఈ నూట తొంభయ్యో మహారాజుకీ నూట తొంభై ఒకటో మహారాజుకీ ఏం తేడా ఉందో నాకు బోధపడట్లేదు," అన్నారు.

"తేడా లేదనే సంతకం పెట్టాలండీ," అన్నాను.

"లేదుగా మరి!"

"అదేనండీ. పెట్టండి."

ఆ సాయంత్రానికి తొమ్మిది సెకన్లు పూర్తయ్యాయి. రెండువందల ఇరవై అయిదు సంతకాలు. ఆ తొమ్మిది సెకన్లలో మహారాజు తెర పక్క నుంచి వచ్చి మీసం మీద చెయ్యి వేశారు. ఇంకా తిప్పలేదు.

మర్నాడు డాక్టరు గారు రాలేదు. చేతికి కట్టు కట్టించుకుని సెలవు పెట్టారు. ముందురోజు పోతూ పోతూ ఆయన చివరి పేజీలో ఒక వాక్యం రాసిపోయారు: కిరీటం పాత టీవీలో గులాబి రంగు, కొత్త టీవీలో ఎరుపు. దాన్ని చూసి డైరెక్టరు గారు నాగభూషణమ్మ గారికి నోటీసు ఇప్పించారు. ఒకే కిరీటం రెండు రంగుల్లో ధరించుటకు గల కారణాలేవి? సదరు ఇద్దరు మహారాజుల్లో గుర్తింపు కోరుచున్నది ఎవరు, సన్ననివారా, స్థూలకాయులా?

ఆమెకు ఆ నోటీసు బెంచీ దగ్గరికే తీసుకెళ్ళి చదివి వినిపించాను. పదో తారీఖు నుంచీ ఆమె రోజూ మొదటి బస్సుకు వచ్చి ఆఖరి బస్సుకు వెళ్తోంది. ఆ డిస్కు బయటికి తీసినప్పుడల్లా జేబురుమాలతో ఆమే తుడిచి ఇస్తుంది.

"తగరం కాగితం అబ్బాయ్ అది. అట్టముక్కకి అంటించాం. దీపం దగ్గర ఒక రంగు, పగలు ఒక రంగు. దీనికి ఏం రాయమంటావు?"

"నాకూ తెలీదమ్మా."

"మీ డైరెక్టరుగారిని అడుగు. ఆయన ఏ రంగు రాయమంటే అది రాస్తాను. ఉగాది ఇంక పన్నెండు రోజులే ఉంది. నాకు కోపం రావట్లేదు నాయనా, భయమేస్తా ఉంది."

 ఇన్నేళ్ళలో ఎన్నో ఫైళ్ళు చూశాను, ఫైలు పక్కన బెంచీ మీద మనిషి ఇట్లా కూర్చుని ఉండగా చూడటం ఇదే మొదలు.

ముప్పై ఒకటో తారీఖు మధ్యాహ్నం మూడింటికి కమిటీ ఆఖరిసారి కూర్చుంది. ఆరువేల బొమ్మల్లో అయిదువేల ఏడువందల డెబ్భై అయిదు మిగిలిపోయాయి. అప్పుడు డైరెక్టరు గారికి ఇంకో సంగతి గుర్తొచ్చింది. పదో తారీఖున ఆ కొద్ది క్షణాలు నడిచినప్పుడు మహారాజు గొంతు ముందు వినబడి, నోరు తర్వాత కదిలిందట. బొమ్మ డబ్బాలో దూరి రావాలి కాబట్టి రవ్వంత ఆలస్యమవుతుందని, మాట నేరుగా స్పీకర్లకు పోతుందని ఖాజా వివరించాడు.

"కావచ్చును. అయినను ఆ గొంతు ఆ నోటిదేనన్న నిర్ధారణ ఏది?" అన్నారు డైరెక్టరు గారు. "నోటీసు సిద్ధం చేయండి కోటిలింగం గారూ."

నేను అక్కడికక్కడే రాశాను. ఆ గొంతు మీది కాదని ఎందుకు భావించరాదో ఈ సమావేశం ముగిసేలోగా లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వవలెను. రాసి ఒక్క క్షణం ఆగాను. "లిఖితపూర్వకంగా" అన్నదాని పక్కన "గాని మౌఖికంగా గాని" అని చేర్చాను. డైరెక్టరు గారు చదవకుండా సంతకం పెట్టారు. ఆయన నా డ్రాఫ్టు ఎప్పుడూ చదవరు, అంత నమ్మకం.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. రెండు టీవీలూ ఆరిపోయాయి. నల్ల తెరల మధ్య మందిరం చీకటి గుయ్యారంలా అయింది. అటెండరు వెళ్ళి ఒక కిటికీ తెర పట్టుకుని గుంజితే మేకుతో సహా ఊడొచ్చింది. ఎండ లోపలికి పడింది. నాగభూషణమ్మ గారు ఆ వెలుగులోనే నిలబడి ఉంది. నేను నోటీసు చదివి వినిపించాను.

"మౌఖికంగా అంటే?" అంది.

"నోటితో చెప్పొచ్చమ్మా," అన్నాను.

ఆమె నన్ను ఒక్క చూపు చూసింది. చేతిలోని టిఫిను డబ్బా బెంచీ మీద పెట్టింది. కొంగు నడుముకు దోపింది. ఎడమచెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, కుడిచెయ్యి లేని మీసం మీద వేసి, తిప్పింది. మేం మూడు రోజులు కూర్చున్నా తిప్పించలేకపోయిన మీసం అది. రాగం ఎత్తుకుంది.

ఆ పెద్ద పెట్టె మోగినప్పుడు కుండ గడగడలాడింది గదా, ఇప్పుడు కుండ కదల్లేదు. మేమే కదిలాం. గొంతులో కొంచెం జీర ఉంది, పైకి వెళ్ళేచోట ఒక్క క్షణం తడబడింది, అయినా ఆగకుండా ఎక్కింది. రాజ్యం పోయిన రాజు తన సింహాసనం ముందు నిలబడి దాన్ని పలకరించే పద్యం. కళ్ళెదుట సన్నటి ముసలమ్మ లేదు, లావుపాటి మహారాజూ లేడు. రత్నకేతుడే ఉన్నాడు. ఖాజా నోరు తెరుచుకుని నిలబడ్డాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అక్షరాలు అలుక్కుపోయాయి.

డైరెక్టరు గారి వైపు చూశాను. కళ్ళు మూసుకుని ఉన్నారు. పెదాలు కదులుతున్నాయి. పద్యంతోపాటు కదులుతున్నాయి! ఆయనది కొల్లూరు పక్క పల్లె అని నాకు అప్పుడు గుర్తొచ్చింది. పద్యం చివర రాగం తీసి, తీసి, ఆమె ఆపేసరికి ఆయన కుర్చీలోంచి లేచిపోయి, రెండు చేతులూ పైకెత్తి అరిచారు.

"వన్స్ మోర్!"

ఇరవై ఏళ్ళ కుర్రాడి గొంతది. తర్వాత ఆయనే తన చేతుల్ని చూసుకుని మెల్లగా దించారు. కానీ ఆలస్యమైపోయింది. వన్స్ మోర్ పడితే కాదనకూడదు. నాగభూషణమ్మ గారు అప్పటికే రెండోసారి ఎత్తుకుంది. ఈసారి ఎక్కడా తడబడలేదు.

పద్యం అయిపోయింది. డైరెక్టరు గారు గొంతు సవరించుకుని, సంజాయిషీ నమోదు చేసుకోవలసిందిగా నాకు చెప్పి, తెర మీద వీక్షణం పూర్తికానందున దరఖాస్తును తదుపరి సంవత్సరానికి వాయిదా వేయడమైనదని నెమ్మదిగా అన్నారు. ఆ మాట అంటూ ఆయన ఆమె వైపు చూడలేదు. ఆమె టిఫిను డబ్బా అందుకుంది.

"సార్, మినిట్స్ చదివి వినిపిస్తాను. సంతకం పెట్టాలి గదా," అన్నాను.

"చదవండి."

చదివాను. "మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు అధ్యక్షులవారు కుర్చీలోనుంచి లేచి, రెండు చేతులు ఎత్తి, వన్స్ మోర్ అని ఆదేశించారు."

డైరెక్టరు గారి మొహం పాలిపోయింది. "అది ఎందుకు రాశారు?"

"అధ్యక్షులు అన్న ప్రతి మాటా రాయాలని నిబంధనే సార్. పద్దెనిమిదేళ్ళుగా రాస్తున్నాను."

"కొట్టేయండి."

"మినిట్స్‌లో కొట్టివేత ఉంటే అది దిద్దిన దస్తావేజు అవుతుంది సార్. పై ఆఫీసువాళ్ళు దేన్ని కొట్టేశామని అడుగుతారు." నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. "పైగా ఒక చిన్న సందేహం. వన్స్ మోర్ అంటే మళ్ళీ అనే గదా. మొదటిసారి చూడనివారు మళ్ళీ అనడానికి వీల్లేదు. అంటే అధ్యక్షులవారు మొదటిసారి ప్రదర్శన చూసినట్టే. చూసినట్టయితే వీక్షణం పూర్తయింది, పత్రం ఇవ్వవచ్చు. తెర మీద చూడలేదు అంటే మాత్రం..."

"అంటే?"

"పత్రం లేని ప్రదర్శనను రెండోసారి ఇమ్మని ప్రోత్సహించినట్టు అవుతుంది సార్. ఏడో క్లాజు. ఎంతటివారైనా."

 సభ్యులిద్దరూ మంచినీళ్ళ కుండ వైపు చూస్తూ కూర్చున్నారు. డైరెక్టరు గారు కళ్ళజోడు తీశారు. చాలాసేపు తుడిచారు. తర్వాత నాగభూషణమ్మ గారిని దగ్గరికి పిలిచి, పైనుంచి కిందదాకా ఒకసారి చూశారు. ఆ చూపులో అధికారం లేదు. తండ్రి భుజం మీద కూర్చుని నాటకం చూసిన పిల్లవాడెవడో ఉన్నాడు.

"కొల్లూరులో ఆరుసార్లు పాడింది మీరేనా అమ్మా?" అన్నారు.

"నేనే బాబూ. మీరున్నారా అప్పుడు?"

ఆయన ఆకుపచ్చ పెన్ను తీసి గుర్తింపు పత్రం మీద సంతకం పెట్టారు. అలవాటుగా దాని కింద, అన్ని నకళ్ళ మీదా రాసే మాటే రాశారు: అసలును చూసి సరిచూడడమైనది. నా సర్వీసులో ఆ మాట ఒక్క అక్షరం కూడా అబద్ధం కాకుండా రాయగా చూడటం అదే.

పత్రం చేతికి తీసుకుని నాగభూషణమ్మ గారు నన్ను చదివి చెప్పమంది. చదివాను. సంస్థవారి తెర మీద కమిటీ ప్రదర్శనను యథాతథంగా వీక్షించి సంతృప్తి చెందినదని అందులో ఉంది.

"తెరా? కరెంటు లేదుగా అప్పుడు," అంది.

"అది రికార్డులో లేదమ్మా."

"కిటికీ తెర మాత్రం ఉంది," అన్నాడు ఖాజా, తన డబ్బా ఊడదీసి జేబులో వేసుకుంటూ. ఆమె పకపకా నవ్వింది. ఇన్ని రోజుల్లో ఆమె నవ్వడం నేను చూడలేదు.

ఉగాదినాటి సాయంత్రం మున్సిపల్ స్టేజీ మీద రత్నకేతు మహారాజు నాటకం ఆడారు. సాంబయ్య తడుముకుంటూ హార్మోనియం ముందు కూర్చున్నాడు. తబలా ఆయన ఆటో స్టేజీ వెనకే నిలబెట్టుకున్నాడు. కుర్చీలన్నీ నిండిపోయాయి. పశువైద్యాధికారి గారు చేతికట్టుతోనే వచ్చారు. ముందు వరసలో మా డైరెక్టరు గారు, ఆయన పక్కన నేను. సింహాసనం పద్యం వచ్చింది. మహారాజు మీసం తిప్పారు, రాగం ఎత్తారు, పైకి వెళ్ళారు, ఒక్క తడబాటు లేకుండా దిగారు. జనం చప్పట్లు. డైరెక్టరు గారు సగం లేచి, నోరు తెరిచి, నా ఒళ్ళో ఉన్న నోటు పుస్తకం వైపు చూసి మళ్ళీ కూర్చున్నారు. 

నేను పెన్నుకు మూత పెట్టి, పుస్తకం మూసి, కుర్చీ కిందకు తోసేశాను. చేతులు కట్టుకుని స్టేజీ వైపే చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు అరిచారాయన.